పసి పట్టుపురుగులు: గాలి, తేమ

పట్టుచీర అనగానే మనకు ధర్మవరం మగ్గాలు జ్ఞాపకం వస్తవి. పట్టుపోగు పుట్టుకను వెదకుతూ మగ్గం నుండి వెనుకకు నడిస్తే, హిందూపురం గూళ్ళ మార్కెట్టును దాటి, మడకశిర, అమరాపురం ప్రాంతాలలోని ఏదో ఒక రైతు ఇంట, పురుగుల గదిలోని తట్ట దగ్గరకు చేరుతాము. ఆ తట్టలో ఉన్నది నువ్వుగింజ పొడవుగల నల్లని పురుగు. అది నాలుగు వారాలు తిరుగకముందే సుమారు 10,000 రెట్లు బరువు పెరిగి గూడు కట్టవలెను. అట్లు కట్టగల బలం దానికి మొదటి వారంలోనే చేకూరవలెను. పసిపురుగుకు కావలసినవి మూడు: లేత ఆకు, తేమ, గాలి. ఆకు విషయంలో మన రైతుకు శ్రద్ధ ఉన్నది. కంటికి కనబడని తక్కిన రెండింటిని గూర్చి ఇప్పుడు విచారింతము.

అమరాపురం కన్నడసీమను ఆనుకొని ఉన్న ప్రాంతం. 18వ శతాబ్ది చివర టిప్పు సుల్తాను మైసూరు రాజ్యంలో నెలకొల్పిన పట్టు పరిశ్రమ కాలక్రమాన ఈ పొరుగు సీమకును వ్యాపించినది. పరిశ్రమ వచ్చినది గాని వాతావరణం మాత్రం మనదే. వర్షం తక్కువ, వేసవి గాలి పొడి, శీతకాలపు రాత్రులు చలి. పసిపురుగు కోరేదానికి ఇది దాదాపు వ్యతిరేకం. మొదటి దశ పురుగుకు 27, 28 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమి, నూటికి 85 నుండి 90 వంతుల తేమ ఉండవలెను. ఆరుబయట దొరకని ఈ వాతావరణాన్ని గదిలో మనమే కల్పించవలెను.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. 27 డిగ్రీల వద్ద ఒక ఘనమీటరు గాలి ఇంచుమించు 26 గ్రాముల నీటి ఆవిరిని పట్టగలదు. 37 డిగ్రీల వద్ద 44 గ్రాములు పట్టగలదు. గాలిలో ఉన్న ఆవిరి 11 గ్రాములే అనుకొందాము. మొదటి గాలిలో తేమ నూటికి 42 వంతులు, రెండవ దానిలో 25 వంతులు మాత్రమే. ఆవిరి తగ్గలేదు, వేడెక్కిన గాలికి దాహం పెరిగినది. కనుకనే చలికాలంలో గదిని వేడిచేసే రైతు, నీటిని కూడ సమకూర్చకపోతే గదిని ఎండగట్టినవాడే అవుతాడు.

ఎండిన గాలి మొదట ఆకును పీలుస్తుంది. పట్టుపురుగు నీరు త్రాగదు. దానికి నీరంతయు ఆకు నుండియే రావలెను. పసిపురుగు కోసం సన్నగా తరిగిన ఆకు మరింత త్వరగా వాడుతుంది. వాడిన ఆకును లేత నోరు కొరకలేదు. కొన్ని పురుగులు తింటవి, కొన్ని పస్తుంటవి. తట్టలో చిన్నా పెద్దా ఏర్పడి, పంట మొదటనే చెదరిపోతుంది.

దీనికి ఉపాయం సులభమైనది. తట్ట అడుగున మైనపు కాగితం పరచి, పురుగుల పడక చుట్టు తడిపిన స్పాంజి పట్టీలు అమర్చి, పైన మరియొక మైనపు కాగితం కప్పవలెను. తడి పట్టీలలో ఉండవలెను గాని పురుగుపైన, ఆకుపైన నీటిచుక్క నిలువరాదు. గది గోడకు తడి బల్బు, పొడి బల్బు గల ఉష్ణమాపకం వ్రేలాడదీయుడు. పొడి బల్బు 27 చూపుతూ, రెంటికి రెండు డిగ్రీల తేడా ఉంటే తేమ సుమారు 85 వంతులని గ్రహింపవచ్చును. తేడా నాలుగైతే తేమ 71 వంతులకు దిగినదని అర్థం.

అయితే మూసి ఉంచుట ఎంత అవసరమో, తెరచుటయు అంతే అవసరం. పురుగుకు ముక్కు లేదు. శరీరపు ప్రక్కలనున్న తొమ్మిది జతల రంధ్రాలతో శ్వాసిస్తుంది. ఊపిరి వలనను, పెంటిక, మిగిలిన ఆకు కుళ్ళుట వలనను కప్పు క్రింద చెడుగాలి చేరుతుంది. కనుక ప్రతి మేతకు అరగంట ముందు పైకాగితం తీసి, పడకకు కొత్తగాలి తగలనీయవలెను. గదికి వెచ్చదనం కావలెనని బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు బిగించుట పురుగులకే కాక మనుష్యులకును ప్రాణాపాయం.

పురుగు తిండి మాని తల పైకెత్తి కదలక నిలుచుటను మన రైతులు జ్వరమంటారు. అది రోగం కాదు, కుబుసం విడిచే సమయం. ఇంచుమించు ఒక దినం పట్టుతుంది. అంతవరకు మేలుచేసిన తేమ ఆ దినాన కీడు చేస్తుంది. పైకాగితం, తడిపట్టీలు తీసివేసి, పడకపై పలుచగా సున్నపు పొడి చల్లి, ఆరనీయవలెను. గాలి మెల్లగా ఆడవలెను గాని ఈదురుగాలి నేరుగా తగులరాదు. పురుగులన్నియు లేచినదాక మేత వేయరాదు. ముందు లేచినవానికి వేస్తే తట్టలో ఎగుడుదిగుడు తప్పదు.

రెండు జ్వరాలు దాటిన పిమ్మట నియమం క్రమంగా మారుతుంది. ఐదవ దశకు వచ్చునప్పటికి 24 డిగ్రీల వేడిమి, నూటికి 70 వంతుల తేమ చాలును. ఎదురెదురు కిటికీల గుండా ధారాళమైన గాలి కావలెను. పసితనపు అలవాటుతో పెద్దపురుగును కూడ కప్పి ఉంచితే ఉక్కలో రోగాలు పెరుగుతవి. వానాకాలంలోను, చలికాలంలోను కనిపించే సున్నపుకట్టు రోగం బూజువల్ల వచ్చేది. తేమ దానికి బలం. ఒక సూక్ష్మజీవి ఈ రోగానికి కారణమని ఇటలీ దేశీయుడు అగొస్టీనో బస్సి 1835లో నిరూపించెను. కనుక పంటకు ముందు గదిని, తట్టలను కడిగి, బ్లీచింగు పొడి ద్రావణంతో శుద్ధిచేయుట మరువరాదు.

పసితనంలో జరిగిన లోపం వెంటనే బయటపడదు. మొత్తం ఆకులో నూటికి 80 వంతులకు పైగా ఐదవ దశలోనే ఖర్చవుతుంది. బలహీనమైన పురుగు తరచు ఆ మేతంతా తిన్న తరువాతనే, గూడు కట్టవలసిన వేళ చతికిలబడుతుంది. తోట ఖాళీ, కూలి ఖర్చు, మార్కెట్టుకు గూళ్ళు లేవు. అందుచేతనే మొదటి రెండు దశలను చాకీ పెంపక కేంద్రాలలో నేర్పరుల చేత గడిపించి, రెండవ జ్వరం లేచిన పురుగులను రైతులకిచ్చే పద్ధతి వ్యాపించినది. ఇంటనే పెంచదలచినవారు చాకీకి వేరొక చిన్న గది కేటాయించుట మంచిది.

తేమకు గాలి శత్రువు కాదు, గాలికి తేమ శత్రువు కాదు. మేసే వేళ తేమ, కుబుసం విడిచే వేళ ఆరుదల, ఎదిగిన వేళ గాలి. ఏ వేళకు ఏది కావలెనో ఎరిగి అందించు రైతుకు గూడు గట్టిగా దక్కుతుంది.