భూమికి సాక్షులెవరు?

భూకంపాలను నమోదు చేసే పరికరాలూ, పైనుంచి ఫొటోలు తీసే ఉపగ్రహాలూ భూమిని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉంటాయి. అది వాటి ఉద్యోగం. కానీ ఈమధ్య భూశాస్త్రంలో బయటపడిన సంగతులు కొన్ని, ఆ ఉద్యోగం లేనివాళ్లు చెప్పినవి. గేటు దగ్గర బిగించిన సీసీ కెమెరా, గుహ కప్పు నుంచి రాలిన నీటిబొట్టు, ఎవరో నరికి పారేసిన దుంగ, మన జేబులోని ఫోను... వీటిలో ఏదీ సాక్ష్యం చెప్పడానికి పుట్టింది కాదు. అయినా అడగడం తెలిసినవాళ్లు అడిగితే చెప్పాయి. మచ్చుకు కొన్ని.

సీసీ కెమెరాకు చిక్కిన పగులు

2025 మార్చి 28 మధ్యాహ్నం మయన్మార్‌ను 7.7 తీవ్రత గల భూకంపం కుదిపేసింది. 3,000 మందికి పైగా ప్రాణాలు పోయాయి. సగాయింగ్ ఫాల్ట్ అనే పాత పగులు వెంట నేల 400 కిలోమీటర్లకు పైగా చీలింది. ఆ చీలిక దారిలోనే ఒక గేటు, దానికి కాపలాగా ఒక కెమెరా ఉన్నాయి.

వీడియోలో మొదట అన్నీ ఊగుతాయి. గేటు కదులుతుంది. తర్వాత నేల మీద గీత పడినట్టు పగులు పాకుతుంది. చూస్తుండగానే పగులుకు అవతలి నేల మొత్తం, చెట్టూ చేమతో సహా, కుడివైపుకు జారిపోతుంది. ఇలా పెద్ద భూకంపంలో నేల జారుతున్న క్షణం అంతకుముందు ఏ కెమెరాకూ ఇంత స్పష్టంగా దొరకలేదు. జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈ వీడియోను ఒక్కో ఫ్రేము చొప్పున కొలిచారు. 1.3 సెకన్లలో నేల 2.5 మీటర్లు జరిగిందని తేలింది. అదీ తిన్నగా కాదు, కాస్త వంపు తిరిగి జరిగింది. పాత పగుళ్లలోని రాళ్ల మీద వంకర గీకుళ్లు కనబడటం భూగర్భ శాస్త్రజ్ఞులు ఎరిగిన సంగతే. ఆ వంకర ఎలా పడుతుందో కళ్లారా చూడటం మాత్రం ఇదే మొదలు.

9 రోజులు ఆగని మోత

2023 సెప్టెంబరు 16న గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో ఏదో జరిగింది. ప్రపంచమంతటా భూకంప కేంద్రాల్లో ఒక వింత సంకేతం నమోదైంది. భూకంపమైతే గీతలు గజిబిజిగా ఉంటాయి, కాసేపటికి సద్దుమణుగుతాయి. ఇది మాత్రం 92 సెకన్లకోసారి ఒకే లయలో, 9 రోజులు మోగింది. ఇదేమిటో ఎవరికీ అంతుపట్టలేదు.

15 దేశాలకు చెందిన 68 మంది శాస్త్రజ్ఞులు ఏడాది పాటు ఆరా తీసి 2024లో జవాబు చెప్పారు. డిక్సన్ ఫ్యోర్డ్ అనే ఇరుకైన సముద్రపు పాయ పక్కనున్న కొండకు కింద ఆసరాగా ఉన్న హిమానీనదం కొన్నేళ్లుగా కరిగి పలచబడింది. ఆసరా పోయి కొండ విరిగిపడింది. రెండున్నర కోట్ల ఘనపు మీటర్ల రాయి, మంచు నీళ్లలో పడేసరికి 200 మీటర్ల ఎత్తు కెరటం లేచింది. తర్వాత ఆ నీళ్లు బయటికి పోయే దారిలేక, కదిపిన బిందెలో నీళ్లలా ఈ గట్టుకూ ఆ గట్టుకూ ఊగుతూ ఉండిపోయాయి. ఆ ఊపే ప్రపంచమంతా వినబడింది. అక్కడ మనుషులు లేకపోవడం అదృష్టం. అయితే అది పర్యాటకుల ఓడలు తిరిగే దారే.

జ్వాలాపురంలో సుమత్రా బూడిద

నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడ నేల తవ్వితే తెల్లటి మెత్తటి బూడిద పొర బయటపడుతుంది. అది మన దేశపు బూడిద కాదు. 2,500 కిలోమీటర్లకు పైగా దూరాన, ఇండొనేషియాలోని సుమత్రా దీవిలో సుమారు 74,000 ఏళ్ల కిందట టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు గాలిలో కొట్టుకొచ్చి రాలినది. రాలినప్పుడు పొర మందం కొద్ది సెంటీమీటర్లే. తర్వాత వానలకు చుట్టుపక్కల నుంచి కొట్టుకొచ్చి పల్లంలో చేరి, కొన్నిచోట్ల 2 మీటర్లు దాటింది.

వేళ్ల మధ్య నలిపితే పిండిలా ఉంటుంది. సూక్ష్మదర్శిని కింద పెడితే అంతా గాజు పెంకులే, అంచులు పదునుగా ఉంటాయి. మురికిని గీకి వదిలించే గుణం దానికి అందుకే ఉంది. శుభ్రం చేసే పొడుల్లో వాడటానికి ఆ బూడిదను తవ్వి తీసుకుపోవడమూ అందుకే.

అసలు విశేషం బూడిద కిందా పైనా ఉంది. టోబా దెబ్బకు మానవజాతి దాదాపు తుడిచిపెట్టుకుపోయిందని ఒక వాదం ఉండేది. మైకేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ బృందం జ్వాలాపురంలో తవ్వితే బూడిద పొర కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. రెండూ ఇంచుమించు ఒకే తీరువి. అంటే ఆకాశం నుంచి బూడిద కురిసినా ఆ లోయలో మనుషుల బతుకు తెల్లారిపోలేదన్నమాట. 2007లో 'సైన్స్' పత్రికలో ఈ సంగతి వచ్చాక టోబా చర్చ మళ్లీ మొదటికొచ్చింది. ఆ పనిముట్లు చేసిన చేతులు ఎవరివన్న తగువు ఇంకా తెగలేదు.

రాజమండ్రి దాకా వచ్చిన లావా

గోదావరికి పడమట దుద్దుకూరు, పంగిడి, తూర్పున కాతేరు. ఈ ఊళ్ల క్వారీల్లో కంకరకు కొట్టే నల్లరాయి సుమారు 6.6 కోట్ల ఏళ్ల నాటి లావా. రాజమండ్రి పరిసరాల్లో అగ్నిపర్వతం ఆనవాలేదీ లేదు. మరి లావా ఎక్కడిది? రసాయన పరీక్షల్లో అది దక్కను పీఠభూమి లావాతో సరిపోయింది. పడమటి కనుమల వైపు పుట్టి, పాత నదీలోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు పారి బంగాళాఖాతంలో దిగిందని శాస్త్రజ్ఞుల అంచనా. భూమి మీద ఇంత దూరం పారిన లావా మరొకటి లేదేమో అంటారు.

ఈ క్వారీల్లో లావా పొరల మధ్య సున్నపురాయి పొరలున్నాయి. అందులో సముద్రపు సూక్ష్మజీవుల గుల్లలున్నాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయానికి చెందిన గెర్టా కెల్లర్ బృందం వాటిని చదివి, కింది లావా పొరలు డైనోసార్లు అంతరించిన కాలానికి చెందినవని తేల్చింది. డైనోసార్లను చంపింది మెక్సికోలో పడ్డ గ్రహశకలమా, మన దక్కను లావానా అనే వాదంలో పంగిడి కంకరకూ ఇలా చోటు దక్కింది.

మనమంతా మేఘాలయ యుగంవాళ్లం

భూమి చరిత్రను శాస్త్రజ్ఞులు యుగాలుగా విడగొడతారు. ఇప్పుడు నడుస్తున్న యుగం పేరు మేఘాలయన్. 4,200 ఏళ్ల కిందట మొదలైంది. 2018లో ఈ పేరు ఖాయమైంది. హద్దురాయిగా నిలిచింది చిరపుంజి దగ్గరి మావ్‌మ్లూ గుహలో నేల నుంచి పైకి పెరిగిన ఒక సున్నపు స్తంభం. బొట్టు బొట్టుగా రాలిన నీరు వదిలిన సున్నం పొరలు పొరలుగా పేరుకుంటుంది. ఆ పొరల్లోని ఆక్సిజన్‌లో తేలిక రకం ఎంత, బరువు రకం ఎంత అని కొలిస్తే ఏ కాలంలో వానలు ఎలా కురిశాయో తెలుస్తుంది. 4,200 ఏళ్ల నాటి పొర దగ్గర రుతుపవనాలు నీరసించిన గుర్తు ఉంది. ప్రపంచంలో అత్యధికంగా వాన కురిసే చోట్లలో ఒకటి కరువుకు సాక్ష్యం చెప్పడం ఇందులో చమత్కారం.

12 లక్షల ఏళ్ల నాటి గాలి

అంటార్కిటికాలో లిటిల్ డోమ్ సి అనేచోట ఐరోపా శాస్త్రజ్ఞులు కొన్నేళ్లపాటు మంచును తొలిచి, 2025 జనవరిలో 2,800 మీటర్ల లోతున రాతి నేలను తాకారు. పైకి తీసిన మంచు కడ్డీల్లో లోతైనవాటి వయసు కనీసం 12 లక్షల ఏళ్లు. అడుగున ఒక్క మీటరు మంచులో 13,000 ఏళ్ల దాకా నొక్కుకుపోయి ఉన్నాయి. మంచులో చిక్కుకున్నది ఆనాటి అసలు గాలే. ఇంతకుముందు తీసిన 8 లక్షల ఏళ్ల మంచులో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లకు 300 దాటిన దాఖలా లేదు. ఇప్పుడు మనం పీల్చే గాలిలో అది 420 దాటింది.

దుంగ చెప్పిన తారీఖు

కొలంబస్ కంటే ముందే వైకింగులు అమెరికా చేరారని తెలుసు. ఏ సంవత్సరంలో అన్నదే చిక్కు. దాన్ని విప్పింది సూర్యుడు. జపాన్ శాస్త్రజ్ఞురాలు ఫుసా మియాకే 2012లో పాత దేవదారు చెట్ల వలయాలను పరీక్షిస్తే, క్రీ.శ. 774, 775 సంవత్సరాల మధ్య కార్బన్-14 ఉన్నట్టుండి పెరిగినట్టు కనబడింది. అలాంటిదే 993లో మరొకటి. సూర్యుడి నుంచి దూసుకొచ్చిన కణాల తుపాను దీనికి కారణమని ఎక్కువమంది అభిప్రాయం. ఆ తుపాను గుర్తు ఆ ఏడాది బతికున్న చెట్లన్నింటిలోనూ పడుతుంది.

కెనడాలోని లాన్స్ ఓ మెడోస్ అనే వైకింగుల స్థావరంలో ఇనుప పనిముట్లతో నరికిన చెక్కముక్కలు దొరికాయి. వాటిలో 993 నాటి వలయాన్ని పట్టుకుని, అక్కడినుంచి బెరడు దాకా లెక్కపెట్టారు. ఇరవై ఎనిమిది. అంటే చెట్టు కూలింది 1021లో. మూడు చెక్కముక్కలు, మూడు వేర్వేరు చెట్లవి, ఒకే జవాబు.

నాలుగు ముక్కల్లో

• ఏడాదికి ఎన్ని రోజులు? సుమారు 38 కోట్ల ఏళ్ల కిందటైతే 400. అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ వెల్స్ 1963లో పగడాల శిలాజాల మీద రోజుకొకటి చొప్పున పడ్డ సన్నటి గీతలు లెక్కపెట్టి చెప్పిన మాట ఇది. అప్పట్లో భూమి ఇంకా వేగంగా తిరిగేది, రోజుకు సుమారు 22 గంటలే. చంద్రుడు రేపే ఆటుపోట్లు ఆ వేగాన్ని తగ్గిస్తూ వచ్చాయి.

• 2022 జనవరి 15న టోంగా దగ్గర సముద్రంలో పేలిన అగ్నిపర్వతం పొగ 57 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లింది. సుమారు 14.6 కోట్ల టన్నుల నీటి ఆవిరిని స్ట్రాటోస్ఫియర్‌లోకి ఎగజిమ్మింది. అక్కడ అప్పటికున్న తేమలో ఇది పదో వంతు.

• 2020 లాక్‌డౌన్‌లో భూమి కూడా నిశ్శబ్దమైంది. బస్సులు, రైళ్లు, ఫ్యాక్టరీలు, మన నడకలు నేలలో పుట్టించే సన్నటి కంపనం చాలాచోట్ల సగానికి పడిపోయింది. మామూలు రోజుల్లో ఆ రొదలో కలిసిపోయే చిన్న ప్రకంపనలు అప్పుడు తేటగా దొరికాయి.

• ఇంటర్నెట్ కోసం పాతిన ఆప్టికల్ ఫైబర్ కేబుల్ కూడా నేల కదలికను పసిగడుతుంది. కేబుల్‌లోకి లేజర్ కాంతి పంపి, వెనక్కి వచ్చే కాంతిలో తేడాలు చూస్తారు. ఐస్‌లాండ్‌లోని గ్రిండావిక్ దగ్గర 100 కిలోమీటర్ల కేబుల్‌తో, లావా బయటపడటానికి అరగంట ముందు వరకూ హెచ్చరించవచ్చని తేలింది.

బోర్లు వేస్తే భూమి ఒరిగింది

1993 నుంచి 2010 వరకు ప్రపంచమంతా కలిసి 2.15 లక్షల కోట్ల టన్నుల భూగర్భజలం తోడేసిందని ఒక అంచనా. ఆ నీరు పొలాల మీదుగా, గాలిలోకి, చివరికి సముద్రంలోకి చేరింది. ఒకచోటి బరువు మరోచోటికి మారితే తిరిగే వస్తువు ఇరుసు జరగాల్సిందే. దక్షిణ కొరియా శాస్త్రజ్ఞుడు కి వోన్ సో బృందం 2023లో ఈ లెక్క కట్టింది. ధ్రువం కదలికను ఆనకట్టలు, కరిగే మంచు లెక్కలతో సరిచూస్తే ఎంతకీ పొంతన కుదరలేదు. తోడేసిన భూగర్భజలాన్ని కలిపాక కుదిరింది. ఆ నీటి వాటా సుమారు 80 సెంటీమీటర్లు. ఇందులో ఎక్కువ పాత్ర పశ్చిమ ఉత్తర అమెరికాది, మన వాయవ్య భారతానిది.

నీళ్లు తోడితే ఇలాగైతే, నిలబెడితే ఏమవుతుంది? మహారాష్ట్రలోని కొయనా జవాబు చెబుతుంది. 1962లో జలాశయం నింపడం మొదలుపెట్టాక అక్కడ ప్రకంపనలు పెరిగాయి. 1967 డిసెంబరు 11న 6.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. ఆనాటి నుంచి నేటి వరకు ఆ చుట్టుపక్కలే కంపిస్తోంది. ఒకేచోట ఇన్నేళ్లు కంపించే తావు దొరకడం అరుదు. అందుకే అక్కడ 3 కిలోమీటర్ల లోతుకు బోరు దించి, పైనున్న లావారాయిని దాటి అడుగున ఉన్న గ్రానైటును పరీక్షిస్తున్నారు.

సింగరేణి బొగ్గు, మేడారం కుదుపు

2024 డిసెంబరు 4 ఉదయం 7.27కు ములుగు జిల్లా మేడారం అడవుల్లో 5.3 తీవ్రత గల భూకంపం వచ్చింది. హైదరాబాద్, విజయవాడల్లోనూ తెలిసింది. అంతకుముందు 1969 ఏప్రిల్‌లో భద్రాచలం దగ్గర 5.7 వచ్చింది. రెండూ గోదావరి లోయవే. ఇక్కడ భూమి ఎప్పుడో పగిలి, రెండు అంచుల మధ్య నేల కుంగింది. ఆ కుంగిన పల్లంలో పేరుకున్న అడవులే కోట్ల ఏళ్లకు సింగరేణి బొగ్గయ్యాయి. ఆ పగుళ్లే అప్పుడప్పుడూ సర్దుకుంటుంటాయి. మనకు కరెంటిచ్చే బొగ్గూ, మనల్ని బయటికి పరుగెత్తించే కుదుపూ ఒకే పగులు సంతానం.

సముద్రం లేని ఊళ్లో సునామీ కేంద్రం

దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు వెళ్లేది హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార సంస్థ నుంచి. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత అక్కడి సునామీ హెచ్చరిక కేంద్రం 2007లో పని మొదలుపెట్టింది. సముద్రం అడుగున పెద్ద భూకంపం వస్తే పది నిమిషాల్లో మొదటి సమాచారం ఇక్కడినుంచి వెళుతుంది.

జేబులో భూకంప యంత్రం

ఫోను అడ్డం తిప్పితే తెర కూడా తిరుగుతుంది కదా. ఆ కదలికను పసిగట్టే చిన్న చిప్పే నేల కదిలినా పసిగడుతుంది. ఒక ఊళ్లో బల్లల మీదున్న ఫోన్లన్నీ ఒక్కసారే అదిరితే అది భూకంపమేనని గూగుల్ సర్వర్లు గుర్తుపడతాయి. భూకంపం నుంచి ముందు వచ్చే అలలు వేగం ఎక్కువవి, నష్టం తక్కువవి. గోడలు కూల్చే అలలు వెనక వస్తాయి. ఫోను కబురు ఈ రెండింటికన్నా వేగంగా వెళుతుంది. ఆ తేడాయే మనకు దక్కే సెకన్లు. 2025లో వచ్చిన అధ్యయనం ప్రకారం ఈ ఏర్పాటు 98 దేశాల్లో నడుస్తోంది. 2023లో తుర్కియే భూకంపం తీవ్రతను తక్కువగా అంచనా వేసింది, తర్వాత లెక్క సరిచేశారు. మన దేశంలోకి వచ్చింది ఆ ఏడాది సెప్టెంబరులోనే.

ఆండ్రాయిడ్ ఫోనైతే సెట్టింగ్స్‌లో 'సేఫ్టీ అండ్ ఎమర్జెన్సీ' కింద 'ఎర్త్‌క్వేక్ అలర్ట్స్' ఉంటుంది. ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అది మోగినప్పుడు మెట్లవైపు పరుగు తీయొద్దు. దగ్గర్లో ఉన్న గట్టి బల్ల కిందకు దూరి, తల కాచుకుని, కుదుపు పూర్తిగా ఆగాక బయటికి రండి.