రెండేళ్లు నిండినా మాట రాలేదా? వస నాకించి ఊరుకోవద్దు!

లక్సెట్టిపేట: "మగపిల్లలకు మాటలు ఆలస్యంగానే వస్తయి. వీని తాతకు గూడ నాలుగేండ్లకు గని మాట రాలె." పలుకు రాని పిల్లవాణ్ణి చూసి ఇంటి పెద్దలు తల్లికి చెప్పే ధైర్యం ఇది. ఆపై వసకొమ్ము అరగదీసి నాకిస్తారు, దేవునికి మొక్కుకుంటారు. ఇలా ఎదురుచూస్తుండగానే బిడ్డకు ఎంతో విలువైన కాలం గడిచిపోతున్నది.

బిడ్డ మాట నేర్చేది ముందు చెవితోనే. విన్నదే తర్వాత పలుకుతాడు. 6 నెలలకు "బా, మా" అంటూ ఊసులాడాలి. ఏడాదికి "అమ్మ", "తాత" వంటి ఒకటి రెండు మాటలు రావాలి. రెండేళ్లకు "అమ్మా పాలు", "నాయిన వచ్చిండు" అని రెండు మాటలు కలిపి చెప్పాలి. మూడేళ్లు నిండేసరికి బయటివారికీ చాలావరకు అర్థమయ్యేలా మాట్లాడాలి. మగపిల్లలు కొంత వెనుకబడడం నిజమే అయినా ఆ తేడా నెలల్లోనే ఉంటుంది, ఏళ్లలో కాదు.

కారణాలు ఏమిటి?

మొదట అనుమానించవలసింది వినికిడి లోపాన్ని. తలుపు చప్పుడుకు ఉలిక్కిపడినంత మాత్రాన బిడ్డకు అన్నీ వినిపిస్తున్నట్లు కాదు. మాటలు స్పష్టంగా వినబడకపోవచ్చు. మేనరికపు పెళ్లిళ్లలో పుట్టుచెవుడు వచ్చే అవకాశం ఎక్కువ. చెవిలో తరచు చీము కారినా వినికిడి తగ్గుతుంది. పేరు పెట్టి పిలిస్తే తిరగని, కళ్లలోకి చూడని, కావలసినది వేలితో చూపని పిల్లలలో ఆటిజం ఉండవచ్చు. వచ్చిన మాటలు పోతే ఏ వయసులోనైనా వెంటనే వైద్యునికి చూపించాలి.

వసతో మాటలు వస్తాయనడానికి ఆధారం లేదు. పైగా పసిబిడ్డలకు వాంతులు కావచ్చు. నాలుక కింది పొర కోయిస్తే మాట వస్తుందనడమూ పొరపాటే. ఇంట్లో గోండి, బయట తెలుగు లేక ఉర్దూ వినడం వల్ల మాట ఆగిపోదు. పిల్లలు రెండు భాషలూ నేర్వగలరు.

ఎక్కడికి వెళ్లాలి?

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించాలి. వినికిడి లోపం, మాట ఆలస్యం, ఆటిజం వారి జాబితాలో ఉన్నవే. బృందం వచ్చేదాకా ఆగక అంగన్‌వాడీ టీచరుకో, ఆశా కార్యకర్తకో చెప్పి ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించవచ్చు. పెద్ద పరీక్షలకు హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆస్పత్రి ఉంది. ఎదుగుదల లోపాలకు సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో 1984లో ఏర్పడిన జాతీయ సంస్థ ఉన్నది. వినికిడి యంత్రం గాని, అవసరమైతే శస్త్రచికిత్స గాని ఎంత చిన్న వయసులో జరిగితే అంత మేలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మాట, భాష వైకల్యాన్నీ గుర్తించింది.

ఇంట్లో చేయదగినవి

అన్నం తినిపిస్తూ, స్నానం చేయిస్తూ బిడ్డతో మాట్లాడాలి. బర్రెను, కోడిని, చెట్టును చూపి పేర్లు చెప్పాలి. బిడ్డ ఊ కొట్టేదాకా ఆగాలి. ఏడుపు మాన్పడానికి సెల్‌ఫోను చేతికివ్వరాదు. ఏడాదిలోపు పిల్లలకు తెర అసలే వద్దని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. ఫోను మాట్లాడుతుందే గాని బిడ్డకు బదులివ్వదు.

పలకని బిడ్డను "మూగోడు" అని పిలవడం మానాలి. ఆ పిల్లవాడు రేపు బడికి పోవలసినవాడు. మాట కోసం ఎదురుచూడడం కన్నా ముందుగా చెవి పరీక్ష చేయించడం తల్లిదండ్రుల తక్షణ కర్తవ్యం.