అఆలు వచ్చినా చదవడం రాదేం?

అఆలు మొదలుకొని బండి ‘ఱ’ దాకా గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పే పిల్లవాడు ‘పలక’ అనే మూడక్షరాల ముందు ఆగిపోతాడు. ఒకటో తరగతి పంతుళ్లకు తెలిసిన సంగతే ఇది. అప్పజెప్పడానికి వరస గుర్తుంటే చాలు. చదవాలంటే వరస చెదిరినా అక్షరాన్ని పోల్చుకోవాలి, దాని ధ్వనిని పక్కదానితో కలపాలి.

మాట వినగా వినగా వచ్చేస్తుంది. చదువు అలా రాదు, నేర్పాల్సిందే.

ఎలా నేర్పాలన్నదానిపై ఇంగ్లీషు దేశాల్లో పెద్ద పోరే నడిచింది. పదం మొత్తాన్నీ బొమ్మలా గుర్తుపట్టించే పద్ధతిని 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అనే రచయిత దుయ్యబట్టాడు. అక్షరానికీ ధ్వనికీ ఉన్న లంకెను క్రమంగా నేర్పే ఫోనిక్స్ వైపే 2000లో అమెరికా జాతీయ పఠన సంఘం మొగ్గింది.

దాన్ని ఉన్నదున్నట్టు తెలుగుకు తెచ్చుకుంటే సరిపోదు. ఇంగ్లీషు అక్షరాలు 26, వాటి ధ్వనులకే నిలకడ లేదు. తెలుగులో ధ్వని నిలకడైనదే, గుణింతాలూ ఒత్తులూ కలిసి రూపాలే వందలు. మన లిపికి తోబుట్టువైన కన్నడంపై పరిశోధించిన సోనాలీ నాగ్, అక్షరాలు పట్టుబడటం నాలుగో తరగతి దాకా సాగుతుందని 2007లో రాశారు. ఒకటో తరగతిలోనే అన్నీ రావాలని పిల్లల్ని కసరడం అన్యాయం.

పైగా మనం మొదలుపెట్టే ‘అమ్మ’లోనే ఒత్తుంది. ఆ మావత్తులో ‘మ’ పోలిక కనిపించదు. బొమ్మ చూసి పిల్లవాడు ‘అమ్మ’ అంటే చదివాడని మురిసిపోతాం. అంతకన్నా త, ల, ప, క నేర్పి, ఆ రోజే ‘తల’, ‘కల’, ‘పలక’ చదివించడం మేలు. గుణింతమూ అంతే. గుడి ఏ హల్లు మీద పెట్టినా పలికేది ‘ఇ’ అని తెలిసిన పిల్లకు గడి గడీ బట్టీ పట్టే పని ఉండదు.

పిల్లల చదువు కోసం పనిచేసే ప్రథమ్ సంస్థ తన శిబిరాల్లో గుణింతాల పట్టికను అడ్డంగా, నిలువుగా చదివిస్తుంది. అదే పూట కథ చదివించి, దాని గురించి పిల్లలతో మాట్లాడిస్తుంది. మూడు నుంచి ఐదు తరగతుల పిల్లల్ని తరగతి చూడకుండా, అక్షరం, పదం, పేరా, కథ, ఎంతవరకు చదవగలిగితే ఆ జట్టులో కూర్చోబెడుతుంది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించారు. బీహార్‌లో సామగ్రి ఒక్కటే ఇచ్చిన బళ్లలో మార్పు రాలేదు. హర్యానాలో రోజుకో గంట దీనికే కేటాయించి, పర్యవేక్షణ కూడా పెట్టిన బళ్లలో పిల్లల చదువు మెరుగైంది.