వార్తల్లో పదం: పైపై

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ప్రోగ్రామును చదివి, అమలుచేసే సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్‌ప్రెటర్ అంటారు. 1991లో గైడో వాన్ రోసమ్ విడుదల చేసిన పైథాన్ ఇంటర్‌ప్రెటర్‌కు వారసురాలైన సీపైథాన్‌నే ఎక్కువమంది వాడుతున్నారు. దానికి ప్రత్యామ్నాయమే ‘పైపై’. 2007లో దీని 1.0 వెర్షన్ వచ్చింది.

దీని బలం జిట్ కంపైలర్. ప్రోగ్రాము నడుస్తుండగానే పదే పదే తిరిగే లూపులను గుర్తించి, వాటిని నేరుగా ప్రాసెసర్ భాషలోకి మారుస్తుంది. అందుకే దీర్ఘంగా సాగే లెక్కల్లో వేగం బాగా పెరుగుతుంది. క్షణంలో ముగిసే చిన్న స్క్రిప్టుకు మాత్రం పెద్దగా లాభం ఉండదు.

ఇన్‌స్టాల్ చేయడం తేలికే. ఫైలు దించుకుని, విప్పి, అందులోని ప్రోగ్రామును నడిపితే చాలు. ప్యాకేజీలు తెచ్చిపెట్టే ‘పిప్’ ముందే సిద్ధంగా లేకపోతే, పైపైతో ‘ఎన్‌ష్యూర్‌పిప్’ మాడ్యూల్‌ను నడపాలి. ఆ తర్వాత పిప్‌ను కూడా పైపై ద్వారానే పిలవాలి. లేదంటే ప్యాకేజీలు సీపైథాన్ ఫోల్డరులోకి వెళ్లిపోతాయి. ప్రతి ప్రాజెక్టుకూ విడిగా వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ పెట్టుకుంటే ఈ గందరగోళం ఉండదు.

చిక్కంతా సీ భాషలో రాసిన భాగాలున్న ప్యాకేజీలతోనే. సీపైథాన్ కోసం ముందే కంపైల్ చేసిన ఫైళ్లు ఇక్కడ పనిచేయవు. పైపై కోసం తయారైనవి దొరక్కపోతే మన కంప్యూటరులోనే కంపైల్ చేసుకోవాలి. అప్పటికీ ఒక్కోసారి వేగం తగ్గుతుంది.

2024 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.13లో సీపైథాన్ కూడా జిట్‌ను ప్రయోగాత్మకంగా చేర్చింది.