వేరు బుడిపెల్లో కాపురాలు

కందిపప్పు ధర పెరిగితే ఇంట్లో అందరికంటే ముందు మనకే తెలుస్తుంది. పప్పు బలమని పిల్లలకు కొసరి కొసరి వడ్డిస్తాం. ఆ బలం మాంసకృత్తులది. మాంసకృత్తులు తయారు కావాలంటే నత్రజని ఉండాలి. మరి కంది మొక్కకు అంత నత్రజని ఎక్కడినుంచి వచ్చింది? ఈవేళ ఆ సంగతి చెప్పుకుందాం.

వానాకాలంలో కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి బస్సులో వెళ్లినవారికి దారి పొడుగునా వరీ, మొక్కజొన్నా కనిపిస్తాయి. ఇంకా పడమటికి, మద్నూరు, జుక్కల్ వైపు పోతే నల్లరేగళ్లలో సోయా, కంది. వరికీ మొక్కజొన్నకూ యూరియా చల్లక తప్పదు. కందికీ పెసరకూ ఆ అక్కర చాలా తక్కువ. వాటి వేళ్లకు చిన్న చిన్న బుడిపెలుంటాయి. ఆ బుడిపెల్లో కంటికి కనపడని బాక్టీరియా కాపురం ఉంటుంది.

గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనే. ఉండి ఏం లాభం? మొక్క దాన్ని నేరుగా వాడుకోలేదు. ఎరువుల ఫ్యాక్టరీలో గాలిలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చాలంటే నాలుగైదు వందల డిగ్రీల వేడి, వాతావరణం కంటే వందా రెండు వందల రెట్ల ఒత్తిడి కావాలి. ఈ బాక్టీరియా అదే పనిని తడిమట్టిలో, పొయ్యి అనేది లేకుండా చేస్తుంది. 1886లో జర్మనీలో హెల్‌రీగెల్ ఈ బుడిపెల ఉపయోగం బయటపెట్టాడు. 1888లో హాలెండు శాస్త్రజ్ఞుడు బైయరింక్ బుడిపెలోంచి బాక్టీరియాను వేరుచేసి పెంచి చూపించాడు. దానికి రైజోబియం అని పేరు వచ్చింది.

చాలాకాలం అందరూ ఇదంతా ఒకే జాతి అనుకున్నారు. తీరా చూస్తే పెద్ద కుటుంబమే బయటపడింది. ప్రయోగశాలలో కొన్ని రెండు మూడు రోజుల్లో పెరిగితే, కొన్నిటికి వారం పట్టేది. ఆ నిదానం రకాలను 1982లో విడదీసి బ్రాడీరైజోబియం అన్నారు. ‘బ్రాడీ’ అంటే గ్రీకులో నెమ్మది. మన కంది, పెసర, మినుము, బొబ్బర, పల్లి ఎక్కువగా ఈ నెమ్మదివాటితోనే పొత్తు కలుపుకుంటాయి. సోయాకూ ముఖ్యంగా ఇవే, అయితే రకం వేరు. శనగ మాత్రం మహా పట్టింపు మనిషి. మీసోరైజోబియం తప్ప మరోదాన్ని దగ్గరికి రానివ్వదు. బఠాణీకి ఒకటి, మెంతికూరకు ఇంకొకటి. ముట్టుకుంటే ముడుచుకునే అత్తిపత్తి లాంటి మొక్కల బుడిపెల్లోనైతే, రైజోబియం వంశానికి చాలా దూరమైన బాక్టీరియా కూడా ఉందని 2001లో తెలిసింది.

బతుకమ్మలో పేర్చే తంగేడు కూడా చిక్కుడు కుటుంబానిదే. చింతచెట్టూ అంతే. కానీ ఈ రెండింటి వేళ్లకూ బుడిపెలు రావు! చుట్టరికం ఉన్నంత మాత్రాన అందరికీ అన్నీ అబ్బుతాయా?

ఏ మొక్కకు ఏ బాక్టీరియా అన్నది ఎలా తేలుతుందంటారా? ముందు వేరు మట్టిలోకి ఒక పదార్థం వదులుతుంది, తలుపు దగ్గర పిలిచినట్టు. దాన్ని గుర్తుపట్టిన బాక్టీరియా తన గుర్తు తాను పంపుతుంది. రెండూ కుదిరితే వేరు మీది సన్నటి నూగు కొక్కెంలా వంగి దాన్ని లోపలికి తీసుకుంటుంది. పల్లిలో ఇంకో దారి. పక్కవేరు చీల్చుకొచ్చిన చోట పగులులోంచి దూరిపోతుంది. రెండు మూడు వారాల్లో బుడిపె తయారవుతుంది. మొక్క చక్కెర పెడుతుంది, బాక్టీరియా నత్రజని ఇస్తుంది.

అయితే బుడిపెలో చేరినవన్నీ కష్టపడతాయనుకోకండి. కూర్చుని తినేవీ ఉంటాయి. రైతుకు అసలు చిక్కు ఇక్కడే. తోడు పెట్టే మనకు ఇది చెప్పనక్కర్లేదు. పాలు అప్పటికే పాడైతే ఎంత మంచి తోడు వేసినా కమ్మటి పెరుగు కాదు. పొలంలో ముందునుంచీ పాతుకుపోయిన పనికిమాలిన రకాలుంటే, విత్తనానికి పట్టించిన మంచి రకం వాటితో పోటీకి నిలవలేక పోవచ్చు. మరో వింత కూడా ఉంది. బుడిపె కట్టించే గుణాలు ఒక బాక్టీరియా నుంచి పక్కదానికి పాకుతాయి. న్యూజిలాండులో బయటినుంచి తెచ్చి వేసిన రకం నుంచి అక్కడి మట్టిలోని బాక్టీరియాకు ఆ విద్య అంటిందని 1995లో కనిపెట్టారు.

సోయా మన నేలకు కొత్త పంట. దానికి తగిన రకం మట్టిలో ఉండకపోవచ్చు. అందుకే కల్చరు ప్యాకెట్టు వాడమంటారు. 8–10 కిలోల విత్తనానికి 200 గ్రాముల ప్యాకెట్టు. నీళ్లలో బెల్లం కాచి, బాగా చల్లారనిచ్చి, అందులో కల్చరు కలిపి విత్తనాలకు పట్టించాలి. వేడిగా ఉండగా కలిపితే బాక్టీరియా చచ్చి ఊరుకుంటుంది. కామారెడ్డి బెల్లం మార్కెట్టు ఒకప్పుడు ఎంత పేరుమోసిందో పెద్దవాళ్లకు తెలుసు. ఆ బెల్లానికి ఇది మరో ఉపయోగమన్నమాట. విత్తనాలను నీడనే ఆరబెట్టి వెంటనే విత్తాలి. ప్యాకెట్టు మీద ఏ పంట పేరుందో చదవడం మరిచిపోవద్దు. సోయా కల్చరు శనగకు పట్టిస్తే డబ్బు దండగ. చేను ఉన్న అన్నదమ్ములకు ఈ ఒక్క మాట మీరే చెప్పండి. పైనుంచి యూరియా ఎక్కువైతే మొక్క బుడిపెలు కట్టడమే మానేస్తుంది. చేతికి అందుతుంటే చాకిరీ ఎందుకని కాబోలు!

మనకు పొలాలు లేకపోవచ్చు, మేడ మీద కుండీలున్నాయి. కొబ్బరి పొట్టు నింపిన కొత్త కుండీలో ఈ బాక్టీరియా ఉండదు. బొబ్బర్లు పండిన చోటి మట్టి ఒక పిడికెడు కలిపి బొబ్బర్లు పెట్టి చూడండి. పూత సమయంలో ఒక మొక్కను మట్టితో సహా మెల్లగా తవ్వి, వేరు కడగండి. బుడిపెలు చూసి తెగులనుకుని భయపడకండి. నులిపురుగు పడితే వేరే ఉబ్బుతుంది, గిల్లితే ఊడిరాదు. ఇవి వేరుకు పక్కన అతుక్కుని ఉంటాయి, గోటితో గిల్లితే ఊడివస్తాయి. ఒకదాన్ని బ్లేడుతో కోయండి. లోపల గులాబీరంగు ఉంటే పని జరుగుతున్నట్టే. మన నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం అక్కడ ఉంది. నత్రజని పనికి ప్రాణవాయువు గిట్టదు, బాక్టీరియా ఊపిరికేమో అది కావాలి. అందుకని ఈ ఎర్రటి పదార్థం దాన్ని కొలిచి కొలిచి అందిస్తుంది, నెలాఖరులో మనం చక్కెర వాడినట్టు. లోపల తెల్లగా ఉంటే ఇంకా పని మొదలవలేదు, లేదా ఆ రకం పనికిరానిది. పచ్చబడితే వయసైపోయింది.

కాపు అయిపోయాక మొక్కను వేళ్లతో పీకకుండా మొదట్లో కోసి, ఆకులు ఆ కుండీలోనే కప్పేయండి. నత్రజనిలో చాలా భాగం గింజలతోపాటు మన వంటింటికే వచ్చేస్తుంది. మట్టికి దక్కేది ఆ వేళ్లలో, ఆకుల్లో మిగిలినదే. తరవాత అదే కుండీలో తోటకూర చల్లుకోవచ్చు.