ఒళ్ళు పులిసిందా, కాలు పీకుతోందా? సూది కింద పలికే తెలుగు

"ఒళ్ళు పులిసిపోయింది" అని మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎప్పుడైనా అనగా విన్నారా? పెరుగు పులుస్తుంది, దోసెల పిండి పులుస్తుంది. మరి ఒళ్ళు పులవడం ఏమిటి? రోజంతా పని చేసి కండలు అలిసిపోయి, నొక్కితే లోలోపల సలుపుతూ ఉంటే తెలుగువాళ్ళు అనే మాట అది. తమాషా ఏమిటంటే, చైనా భాషలో కూడా అలాంటి నొప్పికి "పులుపు" అనే మాటే వాడతారు. సూది వైద్యం చేసే చైనా వైద్యుడు సూది దించాక రోగిని అడిగే మొదటి ప్రశ్నల్లో అదొకటి: "పులిసినట్టు ఉందా?"

ఓక్‌విల్‌లో మీ అవ్వకో తాతకో నడుం పట్టేసినప్పుడు, మోకాలు నొప్పి పుట్టినప్పుడు ఎవరో ఒకరు ఆక్యుపంక్చర్ చేయించుకోమని చెప్పే ఉంటారు. వాళ్ళను కారులో తీసుకెళ్ళేది మీరే. పక్కన కూర్చుని వాళ్ళ మాటను ఇంగ్లీషులోకి మార్చేదీ మీరే కావచ్చు. అక్కడ ఒక్క "పెయిన్" అనే మాటతో పని జరగదు. ఏ నొప్పి అన్నదాన్ని బట్టే సూదిని ఉంచాలా, తియ్యాలా అన్నది తేలుతుంది. అందుకే ఈసారి సూదుల గురించీ, వాటితో పాటు మీకు కావలసిన తెలుగు మాటల గురించీ చెప్పుకుందాం.

ఇది సూదిమందు కాదు

ముందుగా ఇంట్లో చెప్పాల్సిన సంగతి ఒకటుంది. మనవాళ్ళకు "సూది" అంటే ఇంజెక్షన్. "డాక్టరు సూది వేశాడు" అంటే మందు ఎక్కించాడని అర్థం. ఆక్యుపంక్చర్ సూదిలో మందు ఉండదు. అది బోలుగా ఉండదు. స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసిన సన్నని తీగ లాంటిది. మందం ఎక్కువగా 0.16 నుంచి 0.30 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకసారి వాడి పారేస్తారు. చాలామంది వైద్యులు చిన్న ప్లాస్టిక్ గొట్టంలో సూదిని ఉంచి, పైన వేలితో తట్టి చర్మంలోకి దించుతారు. ఈ గొట్టం పద్ధతికి పేరు తెచ్చినవాడు 17వ శతాబ్దపు జపాన్ వైద్యుడు సుగియామా వాయిచి. ఆయనకు చూపు లేదు. చేతి స్పర్శతోనే పని చేశాడు.

బెత్తెడు కొలత

సూది ఎక్కడ దించాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ప్రచురించిన ప్రమాణ గ్రంథంలో ఒంటి మీద 361 చోట్లు ఉన్నాయి. చైనా సంప్రదాయంలో వీటిని కలుపుతూ 14 దారులు గీస్తారు. ఆ దారుల్లో "చీ" అనే ప్రాణశక్తి నడుస్తుందని వాళ్ళ సిద్ధాంతం. సుమారు వెయ్యేళ్ళ కిందట, 1027లో, వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు మనిషంత కంచు బొమ్మలు పోయించి వాటి మీద ఈ చోట్లు గుర్తించాడు. విద్యార్థుల పరీక్షకు బొమ్మ పైన మైనం పూసి, లోపల నీళ్ళు నింపేవారని చెబుతారు. సరైన చోట గుచ్చితే నీళ్ళు కారేవి. తప్పు చోట గుచ్చితే సూది లోపలికి దిగేదే కాదు.

ఒక్కొక్కరి ఒళ్ళు ఒక్కో కొలత. పొడుగు మనిషికీ పొట్టి మనిషికీ ఒకే స్కేలు ఎలా సరిపోతుంది? అందుకని చైనా వైద్యులు రోగి చేతినే కొలబద్దగా తీసుకున్నారు. రోగి బొటనవేలి వెడల్పు ఒక "త్సున్". నాలుగు వేళ్ళు దగ్గరగా చేర్చి పెడితే మూడు త్సున్‌లు. ఈ నాలుగు వేళ్ళ వెడల్పుకు తెలుగులో మంచి మాట ఉంది: బెత్తెడు. వేళ్ళు బారచాపితే జానెడు. మోచేతి నుంచి వేలి కొస దాకా మూర. మన ముత్తవ్వలు పూలదండ కొలిచింది ఈ మూరతోనే. కొలిచేది వైద్యుడి వేళ్ళతో కాదు, రోగి వేళ్ళతో అన్నది గుర్తుంచుకోండి.

ఇప్పుడు మీ ఒంటి మీదే మూడు చోట్లు వెతకండి. వేలితో నొక్కి చూడండి, అంతే. ఇంట్లో సూదులు వద్దు.

మొదటిది "హెగు". బొటనవేలినీ చూపుడువేలినీ దగ్గరకు నొక్కితే చేతి వెనక కండ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మీదే ఉంటుంది. తలపోటుకూ పంటిపోటుకూ దీన్ని వాడతారు. గర్భిణులకు ఇక్కడ సూది పెట్టకూడదని సంప్రదాయం చెబుతుంది.

రెండోది "నెయ్‌గ్వాన్". అరచెయ్యి పైకి తిప్పండి. మణికట్టు మడత నుంచి మోచేతి వైపు రెండు బొటనవేళ్ళ వెడల్పు కొలవండి. పిడికిలి బిగిస్తే తాళ్ళలా పైకి తేలే రెండు గీతల మధ్య ఉంటుంది. వికారానికీ వాంతులకూ దీన్ని వాడతారు. ప్రయాణంలో కడుపు తిప్పేవాళ్ళ కోసం మందుల షాపుల్లో పూస కుట్టిన పట్టీలు అమ్ముతారు కదా, ఆ పూస నొక్కేది ఈ చోటునే.

మూడోది "జూసాన్‌లీ". మోకాలు వంచండి. మోకాలి చిప్ప కింద బయటి వైపు చిన్న గుంట తగులుతుంది. అక్కడి నుంచి కిందికి బెత్తెడు, ఆ తర్వాత ముందరి ఎముక నుంచి బయటికి ఒక వేలు. పేరుకు అర్థం "కాలికి మూడు లీలు". లీ అంటే సుమారు అర కిలోమీటరు. అలిసిపోయిన మనిషి ఈ చోటు నొక్కుకుంటే ఇంకో మూడు లీలు నడవగలడని ఆ పేరు వెనక ఉన్న మాట.

సూది దిగాక ఏమనిపించాలి?

కండ ఎక్కువున్న చోట సూదిని నిలువుగా దించుతారు. తక్కువున్న చోట ఏటవాలుగా, నుదురు లాంటి చోట దాదాపు పడుకోబెట్టినట్టు దించుతారు. తర్వాత కొందరు దాన్ని వేళ్ళ మధ్య అటూ ఇటూ తిప్పుతారు, కొందరు కొంచెం ఎత్తి మళ్ళీ దించుతారు. ఆపైన చాలాసార్లు 20 నుంచి 30 నిమిషాలు అలాగే ఉంచుతారు.

ఈ తిప్పడంలో వైద్యుడు ఎదురుచూసేది ఒక అనుభూతి కోసం. చైనా భాషలో దాని పేరు "దేచీ", అంటే చీ అందడం. దానికి వాళ్ళు చెప్పే గుర్తులు ముఖ్యంగా నాలుగు. నాలుగింటికీ తెలుగులో సరైన మాటలున్నాయి.

పులిసినట్టు ఉండటం: కండ లోపల మొద్దుగా సలుపు.
తిమ్మిరి: చాలాసేపు కాలు మడిచి కూర్చుంటే ఎక్కేది.
ఉబ్బరం: లోపలి నుంచి నిండినట్టు ఉండటం.
బరువు: ఆ చోట ఏదో ఎత్తి పెట్టినట్టు ఉండటం.

అవ్వ ఈ నాలుగింటిలో ఏది అన్నా కంగారు పడకండి. వైద్యుడికి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన కోరుకునేది అదే.

ఆపమని చెప్పే మాటలు

ఇప్పుడు రెండో జాబితా. వీటిలో ఏది వినిపించినా వెంటనే వైద్యుడికి చెప్పాలి.

"చురుక్కుమంది", "మండుతోంది" అంటే సూది కొస చిన్న రక్తనాళానికి తగిలి ఉండవచ్చు. "జివ్వుమని లాగింది", "కరెంటు కొట్టినట్టు ఉంది" అంటే నరం దగ్గరికి వెళ్ళి ఉండవచ్చు. అప్పుడు సూదిని వెనక్కి తీస్తారు. "కళ్ళు తిరుగుతున్నాయి", "చెమటలు పడుతున్నాయి", "ఒళ్ళు తేలిపోతోంది" అంటే స్పృహ తప్పే సూచన. సూదులన్నీ తీసి పడుకోబెట్టాలి. ఖాళీ కడుపుతో వెళ్ళేవాళ్ళకు ఇలా అయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి ముందు కొంచెం ఏదైనా తినిపించి తీసుకెళ్ళండి.

భుజం మీద, ఛాతీ మీద, వీపు పైభాగంలో సూది మరీ లోతుకు వెళితే ఊపిరితిత్తికి తగలవచ్చు. ఇది అరుదు, కానీ ప్రమాదం. ఇంటికి వచ్చాక "ఆయాసంగా ఉంది", "గాలి పీలిస్తే గుచ్చుకుంటోంది" అని అవ్వ అంటే తెల్లవారేదాకా ఆగకండి. 911కు ఫోన్ చెయ్యండి.

ఇంకొక జత మాటలు కూడా నేర్చుకోండి. "తిమ్మిరెక్కింది" వేరు, "మొద్దుబారింది" వేరు. తిమ్మిరిలో చీమలు పాకినట్టు ఉంటుంది. మొద్దుబారితే తాకినా తెలియదు. కాలు మొద్దుబారిందని తాత అంటే సూదుల కంటే ముందు కుటుంబ వైద్యుడికి చూపించాలి. అలాగే "కాళ్ళు పీకుతున్నాయి" అంటే ఎవరో లాగుతున్నారని కాదు. లోపల ఎముకల్లోంచి వచ్చే అలసట నొప్పి అది. "తీపులు" కూడా అలాంటిదే. మిఠాయికి దానికి సంబంధం లేదు!

మాట వినని సూది

మన పక్కనే జరిగిన కథ ఒకటి ఉంది. ఓక్‌విల్ నుంచి కారులో గంటలోపు చేరే డండాస్‌లో పెరిగిన విలియం ఆస్లర్ ప్రపంచం మెచ్చిన వైద్యుడయ్యాడు. 1892లో ఆయన రాసిన వైద్య గ్రంథంలో, కొత్తగా పట్టేసిన నడుముకు సూదులు చాలా బాగా పనిచేస్తాయని ఉంది. ఆయన పద్ధతిలో దారులూ లేవు, బెత్తెళ్ళూ లేవు. నొప్పి ఉన్న చోటే మూడు నాలుగు అంగుళాల సూది దించడం, అయిదు పది నిమిషాలకు తియ్యడం. ఆడవాళ్ళ టోపీలకు పెట్టే సూదులైనా సరిపోతాయన్నాడు.

మాంట్రియల్‌లో ఉండగా ఆయన దగ్గరికి నడుం నొప్పితో పీటర్ రెడ్‌పాత్ వచ్చాడు. చక్కెర వ్యాపారంలో కోట్లు గడించిన కుటుంబం అది. ఆ పేరుతో చక్కెర ప్యాకెట్లు ఇప్పటికీ మన కిరాణా షాపుల్లో ఉన్నాయి. నాటాల్‌లో, మారిషస్‌లో, ఫిజీలో చెరకు నరికిన మనవాళ్ళ నడుముకు అప్పుడు ఏ పెద్ద డాక్టరూ లేడు. ఆస్లర్ జీవిత చరిత్ర ప్రకారం, ఒక్కో పోటుకూ ఆ పెద్దమనిషి తిట్ల దండకం అందుకున్నాడు. చివరికి నొప్పి తగ్గకుండానే కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

భారతదేశానికి ఈ వైద్యం వేరే దారిలో వచ్చింది. 1938లో చైనాకు సాయంగా వెళ్ళిన అయిదుగురు భారతీయ వైద్యుల్లో ద్వారకానాథ్ కోట్నీస్, బిజయ్ కుమార్ బసు ఉన్నారు. ఆంటారియోలో పుట్టిన డాక్టర్ నార్మన్ బెథూన్ అక్కడే పనిచేస్తూ 1939లో చనిపోయాడు. ఆయన పేరున్న ఆసుపత్రికి తర్వాత పెద్దగా ఉన్నది కోట్నీస్. బసు 1950ల చివర మళ్ళీ చైనా వెళ్ళి సూది వైద్యం నేర్చుకుని కలకత్తాకు తెచ్చాడు.

ఆంటారియోలో అడగాల్సినవి

ఇక్కడ సూది వైద్యానికి చట్టం ఉంది. సంప్రదాయ చైనా వైద్య చట్టం 2006లో వచ్చి, 2013 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా అమలైంది. దాని కింద ఉన్న కాలేజీలో పేరు నమోదైనవాళ్ళే ఆక్యుపంక్చరిస్టు అని చెప్పుకోవాలి. ఫిజియోథెరపిస్టుల లాంటి మరికొందరు కూడా తమ తమ కాలేజీల నియమాల కింద సూదులు పెట్టవచ్చు. ఆ కాలేజీల జాబితాలు అందరికీ అందుబాటులో ఉంటాయి. వెళ్ళే ముందు పేరు చూసుకోండి.

2022లో ఆంటారియో ప్రభుత్వం చైనా వైద్యుల కాలేజీని రద్దు చేస్తామని ప్రతిపాదించింది. అభ్యంతరాలు వెల్లువెత్తడంతో కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఆ గొడవలో భాష కూడా ఒక అంశం: ప్రవేశ పరీక్షను చైనా భాషలో రాయనివ్వాలా వద్దా అని. మనవాళ్ళలాగే చైనావాళ్ళూ కూలికి సముద్రాలు దాటారు. 1904 నుంచి 1910 దాకా సుమారు 63 వేలమంది ఒప్పందం మీద దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేశారు. వైద్యుడి భాష గురించి వాళ్ళు కొట్లాడారు. రోగి భాష సంగతి మనం చూసుకోవాలి. చేసే వైద్యం ఏమిటో, అందులో ప్రమాదం ఏమిటో రోగికి అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని ఆంటారియో చట్టం చెబుతుంది. అవ్వకు అర్థం కాకుండా అవ్వ తల ఊపితే అది ఒప్పుకోలు కాదు.

రక్తం పలచబడే మందులు వాడుతున్నా, గుండెకు పేస్‌మేకర్ ఉన్నా, గర్భంతో ఉన్నా ముందే చెప్పండి. ప్రభుత్వ ఆరోగ్య బీమా ఆక్యుపంక్చరిస్టు ఫీజు ఇవ్వదు. మీ ఆఫీసు బీమాలో ఉందేమో అడిగి చూడండి.

మరి పనిచేస్తుందా? జర్మనీలో 1,162 మంది నడుం నొప్పి రోగుల మీద చేసిన పరీక్ష ఫలితాలు 2007లో వచ్చాయి. ఆరు నెలల తర్వాత సరైన చోట్ల సూదులు పెట్టించుకున్నవాళ్ళలో 47.6 శాతం మందికి మేలు కనిపించింది. వేరే చోట్ల పైపైన గుచ్చినవాళ్ళలో 44.2 శాతం, మామూలు వైద్యం పొందినవాళ్ళలో 27.4 శాతం. అంటే సూదులు వేయించుకున్నవాళ్ళు బాగుపడ్డారు, కానీ చోటు తేడా పెద్దగా కనపడలేదు. నొప్పికి ఒక సాయంగా దీన్ని చూడండి. జ్వరానికీ, ఛాతీ నొప్పికీ, కారణం తెలియని బరువు తగ్గుదలకూ డాక్టరు దగ్గరికే వెళ్ళండి.

ఈ వారం మీ ఇంట్లో పెద్దవాళ్ళను ఒక ప్రశ్న అడగండి: "అవ్వా, ఎలాంటి నొప్పి? పోటా, సలుపా, పీకుడా, తిమ్మిరా?" వాళ్ళు చెప్పిన మాటను తెలుగులోనే ఒక కాగితం మీద రాయండి. పక్కన ఇంగ్లీషులో దాని అర్థం రాయండి. పై రెండు జాబితాలూ దాని కిందే చేర్చి, ఆ కాగితాన్ని హెల్త్ కార్డుతో పాటు పెట్టుకోండి. సూదుల గదిలోకి అవ్వతో మీరు వెళ్ళలేని రోజున కూడా అది ఆమె చేతిలో ఉంటుంది.