నొప్పి లేదని ఊరుకోకండి

"పుండయితే అయింది గని నొప్పి లేదు సిస్టరమ్మా." మా డ్రెస్సింగ్ గదిలో తరచుగా వినిపించే మాట ఇది. బోధన్, ఎడపల్లి, వర్ని వైపు నుండి వచ్చే రైతులు, కూలీలు దీన్ని మంచి కబురులా చెబుతారు. మాకు మాత్రం భయం వేస్తుంది. షుగర్ వ్యాధి ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుంది. చెరుకు కొయ్యకాలు గుచ్చుకున్నా, చెప్పులో రాయి పడినా తెలియదు. అదే కాలితో రోజంతా నడుస్తారు. రక్త ప్రసరణ కూడా తగ్గితే గాయం మానక, చీము ఎముక దాకా దిగుతుంది.

ఈ సంగతి మన జిల్లాకు కొత్త కాదు. డిచ్‌పల్లిలో 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ గారు ప్రారంభించిన కుష్ఠు ఆసుపత్రి పెద్దలందరికీ తెలుసు. కుష్ఠు రోగుల పాదాలు రోగంతోనే కుళ్ళిపోతాయని చాలాకాలం అనుకున్నారు. 1946లో వెల్లూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్ గారు, స్పర్శ లేనందున తెలియకుండా తగిలే దెబ్బలు, ఒకేచోట పడే ఒత్తిడి వల్లనే ఆ పుండ్లు పడుతున్నాయని చూపించారు. 1966 తర్వాత అమెరికాలో అదే పాఠం షుగర్ రోగుల పాదాలకూ వర్తింపజేశారు. మనం ఇచ్చే మెత్తని ఎం.సి.ఆర్. చెప్పులు కుష్ఠు రోగులకు వాడుతూ వచ్చినవే. "అవి పెద్దరోగం వాళ్ళ చెప్పులు" అని కొందరు సిగ్గుపడి వద్దంటారు. వేలు తీసేశాక వాళ్ళే అడిగి తీసుకుంటారు!

రోజూ రాత్రి పాదాలు కడిగి, వేళ్ళ సందులు పొడిగుడ్డతో తుడిచి, అరికాళ్ళు చూసుకోండి. వంగలేనివారు నేలమీద అద్దం పెట్టుకోండి, లేదా మనవడిని చూడమనండి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక చెరుకు తగ్గి వరి పెరిగింది. నాట్ల బురదలో నానితే వేళ్ళ సందులు తెల్లబడి చిట్లుతాయి. ఆనెకాయలను బ్లేడుతో కోయకండి. తిమ్మిర్లకు వేడినీళ్ళ కాపడం వద్దు, కాలినా తెలియదు. బీడీ మానాలి. మనది పసుపు పండే జిల్లా కనుక పుండు మీద పసుపు అద్దడం అలవాటు. దాని కింద చీము పట్టినా కనబడదు.

పుండు పడ్డాక ఆ కాలిమీద బరువు వేయకపోవడమే సగం వైద్యం. కోతల రోజుల్లో కూలీ పోతుందని తెలిసీ ఈ మాట చెప్పడం మాకూ కష్టమే. కానీ కట్టుతోనే పొలం పోతే మందులు పనిచేయవు. వాపు, ఎరుపు, వాసన, నలుపు, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే రండి.

పుండు లేనివారు కూడా ఏడాదికొకసారి స్పర్శ పరీక్ష చేయించుకోవాలి. నైలాన్ పోగుతో అరికాలు తాకి చూస్తాం, సూది ఉండదు. వచ్చేటప్పుడు కొత్తవి కాక, రోజూ వేసుకునే చెప్పులే వేసుకుని రండి. అవి ఎక్కడ అరిగాయో చూస్తే పాదంలో ఒత్తిడి ఎక్కడ పడుతోందో మాకు తెలుస్తుంది.